పైన పటారం... కింద తుప్పు

ఉప్పుగాలికి గుల్లవుతున్న పాత జీపుల ఛాసిస్‌లు
ఏటా ఒకసారి బండి కింద చూడకపోతే ప్రాణాలకే ముప్పు

(మా గ్రామీణ విలేఖరి)

చినగంజాం: తెల్లరంగు బండి. ఈ మధ్యనే రంగు వేయించటంతో ఎండకు తళతళ మెరుస్తోంది. అద్దం మీద దేవుడి బొమ్మ, ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయల దండ. జాతీయ రహదారి పక్కనున్న ఒక రిపేరు షెడ్డులో దాన్ని గుంత మీదికి ఎక్కించారు. "వెనకనుంచి టకటకమని చప్పుడొస్తోంది మేస్త్రీ. బుష్షులు మార్చండి చాలు" అన్నాడు యజమాని.

మేస్త్రి గుంతలోకి దిగాడు. చేతిలోని స్క్రూడ్రైవరుతో వెనక చక్రం పైభాగాన ఉన్న ఛాసిస్ కమ్మీని ఒక పోటు పొడిచాడు. నానిన అట్టలో దిగినట్లు అది పిడిదాకా దిగిపోయింది. వెనక్కి లాగితే దానితోపాటు దోసెడు ఎర్రటి పొట్టు రాలింది.

"అబ్బాయ్, బుష్షుల సంగతి తరువాత. ముందు నువ్వు దిగి ఇది చూడు" అన్నాడు మేస్త్రి.

యజమాని దిగి చూశాడు. కమాన్ కట్ట వెనక కొసను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ చుట్టూ ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. బ్రాకెట్ ఇంకా ఊడిపోలేదంటే అది పాత అలవాటు కొద్దీ నిలబడి ఉందనుకోవాలి. ఆ రోజు ఉదయమే ఆ బండిలో పద్నాలుగు మంది ఆడకూలీలు రొయ్యల తలలు తీసే పనికి వెళ్లి వచ్చారు.

బండి యజమానికి ముప్పై ఏళ్లు ఉంటాయి. నాలుగేళ్ల కిందట భార్య నగలు కుదువబెట్టి, మిగతాది వడ్డీకి తెచ్చి ఈ పాత బండిని కొన్నాడు. తెల్లవారుజామున కూలీలను దించటం, పగలు పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ బాడుగకు తిప్పటం, మిరప కోతల రోజుల్లో మెట్ట ఊళ్లకు జనాన్ని చేరవేయటం అతని బతుకుతెరువు. "ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, రంగు వేయించాను. ఇంకేం కావాలి అనుకున్నాను. కిందికి వంగి చూడాలని నాకెవరూ చెప్పలేదు" అని ఆయన ఈ విలేఖరితో వాపోయాడు.

చీరాల, వేటపాలెం, చినగంజాం నుంచి ఒంగోలు దాకా తీరం వెంట ఉన్న ఊళ్లలో ఇలాంటి బండ్లు ఎన్నో తిరుగుతున్నాయి. వాటి ఇంజను గురించి, మైలేజీ గురించి అందరూ మాట్లాడతారు. అవి నిలబడి ఉన్న ఛాసిస్ గురించి ఎవరూ మాట్లాడరు.

ఊరికి ఆధారమైన బండి

మన పల్లెలకు జీపు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపు నమూనాను 1940ల చివర్లో మహీంద్రా వారు మన దేశంలో బిగించటం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఊళ్లోకి జీపు వచ్చిందంటే తాసిల్దారో, పోలీసులో వచ్చారని అర్థం. తరువాత తరువాత బస్సు రాని ఊళ్లకు జీపే బస్సయింది. 1994లో టాటా సుమో వచ్చింది. 2000లో బొలెరో, క్వాలిస్, 2002లో స్కార్పియో వచ్చాయి. వీటిలో క్వాలిస్ తయారీ 2005లోనూ, సుమో తయారీ 2019లోనూ ఆగిపోయాయి. తయారీ ఆగినా బండ్లు ఆగలేదు. పట్నాల్లో పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగి, చేతులు మారి చివరికి పల్లెలకే చేరుతున్నాయి.

ఇప్పుడు ఎస్.యు.వి. అని పిలుస్తున్న ఈ తరహా పాత బండ్లకు ఒక పోలిక ఉంది. చిన్న కార్లకు బాడీయే బలం. వీటికి కింద నిచ్చెన లాంటి ఇనుప చట్రం వేరుగా ఉంటుంది. పొడుగునా రెండు కమ్మీలు, వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లలా అడ్డ కమ్మీలు. దీన్నే ఛాసిస్ లేక ఫ్రేము అంటున్నాము. ఇంజను, గేరుబాక్సు, బాడీ అన్నీ దాని మీదే కూర్చుంటాయి. కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్లు, ముందు చక్రాలను పట్టి ఉంచే చేతులు దానికే తగిలించి ఉంటాయి. గతుకుల్లో ఇది బాగా తట్టుకుంటుంది. అందుకే పల్లె రోడ్లకు ఈ బండ్లు అచ్చివచ్చాయి. కాని ఛాసిస్ పోతే ఆ బండికి ఇంకేమీ మిగలదు.

ఉప్పు ఎక్కడిదంటే...

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుందని అందరికీ తెలిసిందే. ఉప్పు చేరితే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. తుప్పు పట్టడం కూడా లోలోపల ఒక విద్యుత్ చర్యే. ఉప్పులోని క్లోరైడు ఇనుము మీద ఏర్పడే రక్షణ పొరను కూడా నిలవనివ్వదు.

ఇంకో సంగతి గమనించాలి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లటం ఆడవారికి తెలిసిన విషయమే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీరు పీల్చుకుంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే ఇతర లవణాలు అంతకన్నా తక్కువ తేమకే చెమ్మగిల్లుతాయి. తీరంలో రాత్రిపూట గాలిలో తేమ ఎక్కువ. కనుక బండి కింద అంటుకున్న ఉప్పు వాన లేకపోయినా రాత్రంతా ఇనుమును తడిపి ఉంచుతుంది. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నా తుప్పు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

చినగంజాం ఉప్పు కొఠార్లకు పేరు పొందిన ఊరు. పక్కనే బకింగ్‌హాం కాలువ, ఆ పక్కన సముద్రం. కెరటాలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి లోపలికి కొట్టుకువస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో దీని ప్రభావం ఎక్కువ, లోపలికి వెళ్లే కొద్దీ త్వరగా తగ్గుతుంది. దీనికి తోడు రొయ్యల చెరువుల పని ఉంది. ట్రేల నుంచి కారే నీరు వెనక తలుపు కింద నుంచి నేరుగా ఛాసిస్ మీద పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చెరువు నీటిలో అంత ఉండకపోవచ్చు. కాని రోజూ కారితే లెక్క ఒకటే.

అన్నిటికన్నా విచారకరమైన విషయం మరొకటి ఉంది. బండిని శుభ్రంగా ఉంచాలని కొందరు రోజూ కడుగుతున్నారు. ఏ నీటితో? ఇంటి బోరు నీటితో. తీరంలో చాలా ఊళ్ల బోర్లలో వచ్చేది ఉప్పునీరే. ఆరిన తరువాత బండి మీద తెల్లటి చారలు పడితే ఆ నీరు బండికి మేలు చేయటం లేదని అర్థం.

లోపలి నుంచి తినే రోగం

పాత జీపుల్లో ఛాసిస్ కమ్మీ చాలా భాగం తెరిచి ఉండేది. చేత్తో తడిమితే తుప్పు తెలిసిపోయేది. తరువాత వచ్చిన బండ్లలో కమ్మీని ఎక్కువగా నాలుగు వైపులా మూసిన పెట్టెలా చేశారు. దీనివల్ల బలం పెరిగింది. కాని ఆ పెట్టెకు అక్కడక్కడ రంధ్రాలు ఉంటాయి. చక్రాలు చిమ్మిన బురద, నీరు ఆ రంధ్రాల గుండా లోపలికి పోతాయి. నీరు దిగిపోవటానికి అడుగున ఉంచిన రంధ్రాలు బురదతో పూడుకుపోతాయి. లోపల చేరిన ఉప్పుబురద ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు.

అందువల్ల తుప్పు లోపలి నుంచి బయటకు తింటూ వస్తుంది. బయట నల్లరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కమ్మీ మందం చూస్తే మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. బయట చిన్న బుడగలా రంగు లేచిందంటే లోపల ఆ మందంలో చాలా భాగం అప్పటికే పోయి ఉంటుంది. చెదపట్టిన వాసం సంగతి పల్లెవాసులకు చెప్పనవసరం లేదు. పైకి వాసం వాసంలాగే ఉంటుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది.

ఎక్కువగా తినేసే చోట్లు కూడా దాదాపు అన్ని బండ్లకూ ఒకటేనని మేస్త్రీలు చెబుతున్నారు. వెనక యాక్సిల్ పైన కమ్మీ వంపు తిరిగే చోటు, కమాన్ కట్టల బ్రాకెట్లు అతికిన చోట్లు, ముందు చక్రాల వెనక భాగం, అడ్డ కమ్మీలు కలిసే వెల్డింగు అతుకులు, బాడీని ఛాసిస్‌కు బిగించే రబ్బరు దిమ్మల చోట్లు. బురద నిలిచేదీ, బరువు పడేదీ ఆ చోట్లలోనే. సన్నబడిన ఇనుము మీదే ఎక్కువ బరువు పడుతుండటం వల్ల అక్కడే తెగుతుంది.

కమాన్ కట్టల కథ

వెనక చక్రాల పైన ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలను కమాన్ కట్ట అంటారు. అవి వంగుతూ లేస్తూ బరువును మోస్తాయి. అంతకన్నా ముఖ్యమైన పని మరొకటి ఉంది. యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచేది కూడా ఆ పట్టీలే. కనుక కమాన్ కట్ట విరిగితే కుదుపు పెరగటంతో పోదు, చక్రం దారి తప్పుతుంది.

పట్టీల మధ్య ఉప్పునీరు చేరితే అక్కడ తుప్పు పెరుగుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు పట్టీలు విడివడతాయి. పట్టీ మీద తుప్పు తిన్న చిన్న గుంట పడితే చాలు, వంగిన ప్రతిసారీ అక్కడి నుంచే బీట సాగుతుంది. తీగను అటూ ఇటూ పదే పదే వంచితే ఒకచోట పుటుక్కున తెగినట్లే ఇదీను. పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగినా, యాక్సిల్‌ను బిగించే యు బోల్టులు వదులైనా వెనక యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. అప్పుడు బండి ఎండ్రకాయలా వాలుగా నడుస్తుంది. వెనక నుంచి వచ్చేవారికి అది స్పష్టంగా కనిపిస్తుంది. లోపల స్టీరింగు పట్టుకున్న వ్యక్తికి మాత్రం కాస్త ఒక పక్కకు లాగుతున్నట్లు అనిపిస్తుంది, అంతే.

ముందు చక్రాల సంగతి వేరు. జీపుల్లో ముందు కూడా కమాన్ కట్టలే. తరువాతి బండ్లలో చాలావాటికి స్ప్రింగో, టార్షన్ బారో ఉండి, చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టి ఉంచుతాయి. ఆ చేతుల కొసల్లో బాల్ జాయింట్లు ఉంటాయి. వాటి మీది రబ్బరు తొడుగు చిరిగితే ఉప్పునీరు లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది. అరిగిన బాల్ జాయింటు ఊడితే ముందు చక్రం పక్కకు పడిపోతుంది. ఆ పైన డ్రైవరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ విలేఖరికి ఎదురైన అనుభవం

మూడేళ్ల కిందట ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తూ ఈ విలేఖరి అలాంటి బండిలోనే ఉన్నాడు. ఏడెనిమిది మంది పట్టే బండిలో పిల్లలతో కలిపి పదహారు మంది. డ్రెయిను కట్ట మీద రోడ్డు గతుకులుగా ఉండటంతో బండి నెమ్మదిగా వస్తోంది. ఒక గుంతలో చక్రం దిగి లేవగానే వెనకవైపు తుపాకీ పేలినట్లు చప్పుడైంది. బండి వెనక భాగం ఒక్కసారిగా కుంగి, ఎడమకు తిరిగి, కట్ట అంచున ఉన్న తుమ్మచెట్టుకు ఆనుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే అందరం డ్రెయినులో ఉండేవాళ్లం. ఒక ముసలమ్మకు మణికట్టు విరిగింది. మిగిలినవారు గీతలతో బయటపడ్డారు.

దిగి చూస్తే కమాన్ కట్ట విరగలేదు. దాన్ని పట్టుకునే బ్రాకెట్, తాను అతుక్కుని ఉన్న ఛాసిస్ ముక్కతో సహా ఊడి వచ్చింది. దాని పైన అంతకు ముందెప్పుడో ఒక రేకు ముక్క వేసి వెల్డింగు చేసిన గుర్తు ఉంది. రేకు గట్టిగానే ఉంది. రేకు కింద ఇనుము లేదు. డ్రైవరును తప్పుపట్టటానికి మాకు నోరు రాలేదు. అతని పిల్లలిద్దరూ అదే బండిలో ఉన్నారు.

నల్లరంగు మాయ

పాత బండి అమ్మేవారిలో కొందరు కింద దట్టంగా నల్లరంగో, తారో కొట్టించి చూపుతున్నారు. తడి తుప్పు మీద తారు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని తుప్పు మరింత పెరుగుతుంది. చిల్లులు ఉన్నచోట పుట్టీ నింపి పైన రంగు కొట్టటం మరో పద్ధతి. దీన్ని కనిపెట్టటానికి ఒక చిన్న అయస్కాంతం చాలు. ఇనుము ఉన్నచోట అది పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది.

నీట మునిగిన బండ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతకు ముందు అదే తుఫాను చెన్నైని ముంచెత్తింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వరదకు విజయవాడలో వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. మునిగిన బండిని బాగుచేయించి అమ్మటం నేరం కాదు. కొనేవారికి ఆ సంగతి చెప్పకపోవటమే అన్యాయం. సీట్ల కింద పట్టాల్లో ఒండ్రు, సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద గీత, ఛాసిస్ రంధ్రాల్లో ఎండిన మట్టి చూస్తే బండి నీట మునిగిందీ లేనిదీ చాలావరకు తెలుస్తుంది.

అమెరికాలోనూ ఇదే తంటా

ఇది మన తీరానికే పరిమితమైన బాధ అనుకోనక్కరలేదు. అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలంలో రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. అక్కడి బండ్లకు ఆ ఉప్పే శత్రువు. టయోటా కంపెనీ టకోమా, టుండ్రా ట్రక్కులు, సెకోయా అనే ఎస్.యు.వి.ల ఛాసిస్‌లు తుప్పు పట్టి చిల్లులు పడుతున్నాయని అక్కడి యజమానులు కోర్టుకు వెళ్లారు. 2016లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బండ్లను తనిఖీ చేయటానికి, తుప్పు మితిమీరిన వాటికి ఛాసిస్ మార్చి ఇవ్వటానికి అంగీకరించింది. దీని ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా ఉండవచ్చని అప్పట్లో అంచనా కట్టారు. అక్కడ చదువుకుంటూ పాత బండి కొనుక్కునే మన పిల్లలకు ఈ సంగతి చెప్పటం మంచిది.

అక్కడ యజమానులు కలిసికట్టుగా అడిగారు. ఇక్కడ పదిహేనేళ్లు దాటి, నలుగురు చేతులు మారిన బండికి ఎవరు జవాబుదారీ?

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బాడుగకు తిరిగే వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఎనిమిదేళ్లు దాటిన బాడుగ బండి ఏటా పరీక్షకు రావాలి. సొంతానికి వాడుకునే బండికి ఈ లెక్క లేదు. దాని రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించుకుని అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. అంటే సొంత బండిగా రిజిస్టరయిన వాహనం కిందికి పదిహేనేళ్లపాటు ఎవరూ తొంగిచూడనక్కరలేదు.

మన ఊళ్లలో బాడుగకు తిరిగే పాత బండ్లలో ఎన్నో తెల్ల నంబరు ప్లేటు మీదే తిరుగుతున్నాయనేది బహిరంగ రహస్యం. తనిఖీ లేని బండిలో మోయదగిన దానికి రెట్టింపు జనం ఎక్కుతున్నారు. ఇందులో మరో చిక్కు ఉంది. సొంత బండి బీమా బాడుగకు తిప్పటానికి వర్తించదు. జరగరానిది జరిగితే పరిహారం కోసం బాధితులు ఏళ్ల తరబడి తిరగవలసి రావచ్చు. కూలి డబ్బుల్లోంచి బండి చార్జీ ఇచ్చుకునే ఆడవారికి ఈ సంగతులేవీ తెలియవు.

ఇంటి దగ్గరే చూసుకోండి

తనిఖీకి పెద్ద చదువు అక్కరలేదని, అరగంట తీరిక, ఒక చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు ఉంటే చాలని అనుభవజ్ఞులైన మేస్త్రీలు అంటున్నారు. వారు చెప్పిన జాగ్రత్తలు ఇవి:

1. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరవద్దు. గట్టి దిమ్మలు పెట్టాలి, లేదా గుంత ఉన్న షెడ్డుకు వెళ్లాలి.

2. ఛాసిస్ కమ్మీని పొడుగునా సుత్తితో తేలిగ్గా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. గుల్లబారినది చప్పగా, పగిలిన కుండలా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి.

3. బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలిపి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచుదాకా రెండు పక్కలా కొలవండి. రెండు వేళ్ల మందం తేడా ఉంటే కమాన్ కట్టనో, బ్రాకెట్‌నో అనుమానించాలి.

4. కమాన్ పట్టీల మీద అడ్డంగా సన్నటి బీట ఉందేమో, పట్టీలు పక్కకు జరిగాయేమో, యు బోల్టుల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి.

5. ఛాసిస్ వెంట పోయే సన్నటి బ్రేకు గొట్టాలను మరచిపోవద్దు. అవీ ఇనుమువే. ఛాసిస్‌ను తిన్న తుప్పు వాటినీ తింటుంది. గొట్టం పగిలితే బ్రేకు పోతుంది.

6. తలుపు మునుపటిలా పడకపోవటం, గతుకులో వెనకనుంచి టకటక చప్పుడు, స్టీరింగు ఒక పక్కకు లాగటం, ఒకే టైరు ఒక అంచున అరగటం, ఇవన్నీ బండి ముందుగా చెప్పే మాటలు. పాటల మోతలో అవి వినపడకుండా పోతున్నాయి.

తుప్పు ఇంకా పైపైన ఉంటే ఆపవచ్చు. ఉప్పు లేని నీటిని వేగంగా కొట్టించి అడుగంతా, రంధ్రాల లోపలా కడిగించాలి. పూడిన రంధ్రాలు తెరవాలి. రెండు మూడు రోజులు ఎండనిచ్చి, తీగల బ్రష్షుతో పొట్టు గీకి, రెడ్ ఆక్సైడు వేసి ఆ పైన రంగు వేయాలి. మూసిన కమ్మీ లోపలికి రంధ్రాల గుండా తుప్పు ఆపే నూనెను చిమ్మించాలి. కొందరు వాడిన ఇంజనాయిలును అడుగంతా కొడుతున్నారు. అది బ్రేకుల మీద పడితే ప్రమాదం, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, నేలా చెడుతుంది. వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి ఈ పని చేయిస్తే చాలని చెబుతున్నారు. రొయ్యలు, ఉప్పు మోసిన రోజున మాత్రం ఆ సాయంత్రమే కడగాలి.

అతుకు ఎక్కడ చెల్లుతుంది?

చిల్లు పడిన ఛాసిస్‌కు వెల్డింగు చేయకూడదని కాదు. తుప్పు తిన్న భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా పూర్తిగా కోసివేసి, అంతే మందం గల ఉక్కును తగిన ఆకారంలో అతికితే అది పనికివస్తుంది. తుప్పు మీదే రేకు పరిచి నాలుగు చుక్కలు పెట్టటం మాత్రం కనికట్టే. పెట్రోలు, డీజిలు ట్యాంకుకు, బ్రేకు గొట్టాలకు దగ్గరగా వెల్డింగు చేసేటప్పుడు వాటిని విప్పి పక్కన పెట్టాలి. బ్యాటరీ వైరు తీయాలి.

కమాన్ పట్టీకి మాత్రం వెల్డింగు ఎంతమాత్రం పనికిరాదు. అది కాల్చి పదునుపెట్టిన ఉక్కు. వెల్డింగు వేడికి పదును పోయి ఆ పక్కనే మళ్లీ విరుగుతుంది. విరిగిన పట్టీని మార్చవలసిందే. ఒక పక్క మార్చితే రెండో పక్క కట్టను కూడా విప్పి చూడాలి. రెండూ ఒకే ఉప్పు తిన్నవి కదా.

ఇక కమాన్ బ్రాకెట్లు, అడ్డ కమ్మీలు, పక్క కమ్మీలు అన్నీ గుల్లయితే ఆ బండికి సెలవు ఇవ్వటమే మంచిది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం రిజిస్టరయిన తుక్కు కేంద్రంలో బండిని అప్పగిస్తే ఒక పత్రం ఇస్తారు. కొత్త బండి కొన్నప్పుడు పన్నులో రాయితీకి అది ఉపయోగపడుతుంది. బండి నంబరు కూడా రికార్డులో రద్దవుతుంది. ఊరి పాతసామాను కొట్లో పడేస్తే ఈ రెండూ ఉండవు.

"నేను వెయ్యను"

మళ్లీ షెడ్డు దగ్గరికి వద్దాం. గుంతలోంచి పైకి వచ్చిన యజమాని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఈ ఒక్క సీజనుకు ఒక రేకు ముక్క వేసి నిలబెట్టండి మేస్త్రిగారూ. వడ్డీ కట్టుకుంటాను. తరువాత చూద్దాం" అని బతిమాలాడు.

"రేకు వెయ్యటం నాకు గంట పని. వేస్తే నువ్వు నడుపుతావు. నువ్వు నడిపితే ఆ ఆడవాళ్లు ఎక్కుతారు. నేను వెయ్యను అబ్బాయ్" అన్నాడు మేస్త్రి. రేకు వేసే షెడ్లు ఆ రోడ్డులో ఇంకా ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. బండిని తోలుకుని అతను వెళ్లిపోయాడు.

వారం తరువాత ఈ విలేఖరి అతని ఊరు వెళ్లాడు. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద చక్రాలు విప్పి, దిమ్మల మీద నిలబెట్టి ఉంది. అతను బంధువుల ఆటోను రోజు బాడుగకు తీసుకుని నడుపుతున్నాడు. ఆటోలో పట్టేది తక్కువ మంది కనుక కూలీలను రెండు విడతలుగా దించుతున్నాడు. తెల్లవారుజామున మూడింటికే లేవవలసి వస్తోంది. వడ్డీ మాత్రం ఆగలేదు. ఇంకో షెడ్డుకు ఎందుకు వెళ్లలేదని అడిగితే, "వెళ్లాను. బేరం కూడా కుదిరింది. ఆ కూలీల్లో మా అమ్మ కూడా ఉంది సార్. రోజూ వెనక సీట్లోనే కూర్చుంటుంది" అన్నాడు. ఆ వెనక సీటు కిందనే స్క్రూడ్రైవరు దిగిన చోటు.

అందరికీ అలాంటి మేస్త్రి దొరకడు. అందరి అమ్మలూ ఆ బండిలో ఎక్కరు. కనుక రవాణా శాఖ అధికారులు తీర మండలాల్లో ఏటా వానలు వెలిశాక పాత బండ్లకు తనిఖీ శిబిరాలు పెట్టాలని, కాగితాలతో సరిపెట్టకుండా గుంత మీదికి ఎక్కించి అడుగు చూడాలని, లోపం ఉంటే మొదట జరిమానాతో కాక గడువుతో హెచ్చరించాలని డ్రైవర్లు, యజమానులు కోరుతున్నారు. రొయ్యల షెడ్ల యజమానులు కూలీలను తెచ్చే బండ్ల ఫిట్‌నెస్ చూసిన తరువాతే పనికి మాట్లాడుకోవాలని కూలీలు కోరుతున్నారు. అధికారులు కదిలే లోపు ఎవరి బండి కిందికి వారు ఒకసారి వంగి చూసుకోవటం మంచిది.